ఫరోల్ క్లబ్బు తలుపు

ఆస్ట్రేలియా యాత్ర అనగానే సిడ్నీలో తెరచాపల భవనం గురించీ కంగారూల గురించీ రాస్తుందనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోతే మంచిది. ఆ భవనం నేను ఈసారీ చూడలేదు. కంగారూల్ని చూశాను గానీ, అన్నీ హైవే పక్కన లారీలు గుద్దితే చచ్చి పడున్నవే. ఏళ్ల తరబడి మెల్బోర్న్‌లో ఉంటూ, ఇక్కణ్నించి సిడ్నీకి కారులో పోవడం కూడా యాత్రేనా అని మా ఆయన నవ్వాడు. నవ్వితే నవ్వాడు. నేను చేసిన ప్రయాణాలన్నిట్లోకీ నా మనసుని ఇంతగా పట్టి పీడించింది ఇంకోటి లేదు.

మా పక్కింట్లో కూతురి దగ్గర రూబెన్ అని ఒక పెద్దాయన ఉంటాడు. ఎనభై దాటాయి. ఉరుగ్వే దేశస్థుడు. పేరు పెట్టి పిలవమంటాడు. ఈ దేశంలో అందరూ అంతే, మా మేనేజర్ని నేనూ పేరు పెట్టే పిలుస్తాను. కానీ అంత వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి ఈ తెనాలి నోరు తిరగలేదు. అంకుల్ అన్నాను, అదే స్థిరపడిపోయింది. ఆయన ఇంగ్లీషులో సగం స్పానిష్, నా ఇంగ్లీషులో సగం తెలుగు, మా ఇద్దరికీ మాత్రం శుభ్రంగా అర్థమవుతుంది.

ఒకరోజు ఫెన్సు మీదుగా తల పెట్టి సంగతి చెప్పాడు. కుర్రతనంలో ఆయనా ఆయన స్నేహితులూ సిడ్నీలో పెట్టిన ఫుట్‌బాల్ క్లబ్బు ఉంది, పేరు ఫరోల్. ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకి సభ్యుల సమావేశం. పక్క పేట క్లబ్బుతో కలిపేసి ఫరోల్ అనే పేరు తీసేయాలా వద్దా అని ఓటింగ్. మనిషి వెళ్లి చెయ్యెత్తితేనే ఓటు. చెవి ఆపరేషన్ అయిందని డాక్టర్లు విమానం ఎక్కొద్దన్నారు. కూతురికి ఆసుపత్రిలో డ్యూటీ. నాకా సెలవులు మిగిలిపోయాయి, ఆయనకా కారు నడిపే చూపు మిగల్లేదు. నేను తీసుకెళ్తాను అంకుల్, వేళకి చేరుస్తాను అన్నాను. దారిలో కాన్‌బెర్రాలో మా పిన్ని కొడుకు శీను ఇంట్లో రాత్రి పడుకుని వెళ్దామని కూడా నేనే అన్నాను.

ఊరు దాటగానే ఎంగిలి

శనివారం పొద్దున్నే బయలుదేరాం. ఆయన ఒళ్లో వేణ్నీళ్ల ఫ్లాస్కు, చేతిలో ఎండిన సొరబుర్ర. ఆ బుర్రలో ఏదో ఆకు పొడి పోసి, వేణ్నీళ్లు పోసి, లోహపు గొట్టం ఒకటి గుచ్చి పీలుస్తారు. మాతే అంటారు. వాళ్ల దేశంలో మనకి కాఫీ ఎలాగో అది అలాగ. చిక్కేమిటంటే బుర్ర ఒకటే, గొట్టం ఒకటే. ఆయన తాగి, మళ్లీ నీళ్లు పోసి, ఆ గొట్టమే నా వైపు తిప్పాడు.

కాఫీ గ్లాసుని పెదవికి తగలకుండా పైనుంచి పోసుకునే ఇంట్లో పుట్టినదాన్ని నేను. ఎంగిలి, మడి లాంటివి వదిలేశాననుకున్నాను గానీ చెయ్యి ముందుకు రాలేదు. ఆయన బుర్ర చాపుకుని అలాగే ఉన్నాడు. కళ్లు మూసుకుని పీల్చాను. వేపాకు కషాయం. మర్యాదకి థాంక్యూ అన్నాను. అంతే, ఆ తర్వాత ఇక నాకు ఇవ్వలేదు. ఒంటరిగా తాగుతున్నాడేమిటి, కోపం వచ్చిందేమోనని రెండు ఊళ్లు దాటేదాకా మథనపడి చివరికి అడిగేశాను. వాళ్ల పద్ధతిలో థాంక్యూ అంటే ఇక చాలు, నాకు వద్దు అనిట. కావలసినవాళ్లు ఏమీ అనకుండా బుర్ర వెనక్కి ఇచ్చేస్తారుట. ఈ దేశానికొచ్చి బస్సు డ్రైవరుకీ తలుపు తీసినవాడికీ థాంక్యూ చెప్పడం కష్టపడి నేర్చుకున్నాను, అది ఇక్కడ బెడిసికొట్టింది.

ఒక చిన్న ఊళ్లో బేకరీ దగ్గర ఆగి, పిండిలో మాంసం కూరి కాల్చే “పై” తిన్నాం. తొమ్మిది డాలర్లు. రూపాయల్లోకి మార్చడం మానేసి చాలా కాలమైంది గానీ ఈ పై ముందు మాత్రం మార్చాను. ఆ డబ్బుతో తెనాలిలో ఇద్దరం బిర్యానీ తిని సోడా కూడా తాగొచ్చు. మాంసంలో ఎక్కడా ఉప్పు తగల్లేదు. అంకుల్ కూడా రెండు ముక్కలు తిని మిగతాది కాగితంలో చుట్టేశాడు.

ఆల్బరీ, నది ఒడ్డు

ఆల్బరీలో మర్రీ నది ఒడ్డున కాళ్లు చాపుకుని కూర్చున్నాం. అక్కడే నాకు క్లబ్బు చరిత్ర మొత్తం చెప్పాడు. ఫుట్‌బాల్ అంటే నాకు గోలు పడితే అరవడం వరకే తెలుసు. అయినా విన్నదాన్ని విన్నట్టు రాస్తాను.

మాంటెవిడియోలో రేవు పక్కన ఒక పేట. ఓడలకి మూటలెత్తేవాళ్లూ, మాంసం కోసే ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లూ ఉండేవాళ్లు. పగలంతా పని. పొద్దుగూకాక సారా కొట్టు ముందు వీధి దీపం వెలుగులో బంతి తన్నుకునేవాళ్లు. వాళ్ల భాషలో వీధి దీపాన్ని ఫరోల్ అంటారు, క్లబ్బుకి అదే పేరు పెట్టుకున్నారు. చొక్కాలకి డబ్బుల్లేక ఆడవాళ్లు పిండి సంచులు కత్తిరించి కుట్టి ఆకుపచ్చ రంగులో ముంచారు. మెడ పట్టీకి ఆవపువ్వు పసుపు రంగు. మొదటి ఆట నాడు వాన పడి రంగు కారింది, ఆడినవాళ్ల ఒళ్లంతా ఆకుపచ్చగా అయిపోయింది. ఎదుటివాళ్లు చిలకలని వెక్కిరించారు. వీళ్లు ఏమాత్రం చిన్నబుచ్చుకోకుండా మేం చిలకలమే అని పాట కట్టుకున్నారు.

పెద్ద క్లబ్బేమీ కాదు. రెండో డివిజన్ దాకా ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. ఊళ్లోని పెద్ద క్లబ్బుని ఒకే ఒక్కసారి ఓడించింది. ఆ రోజు గోలీ, అదే గోలు కాసేవాడు, అంకుల్ వాళ్ల నాన్న. ఆ ఒక్క ఆట గురించి ఆ పేటవాళ్లు ముప్ఫై ఏళ్లు మాట్లాడుకున్నారుట. అంతలా ఏముంది అంకుల్ అన్నాను. ఆయన నవ్వి, మీ సినిమా హీరోల గురించి మీరు ఎన్నేళ్లు మాట్లాడుకుంటారు అని ఎదురడిగాడు.

ఇక తలుపు సంగతి. ఒకసారి ఫ్యాక్టరీ యజమానికి ఆ క్లబ్బు మైదానం మీద కన్నుపడింది. అమ్మాలా వద్దా అని సభ్యులు సమావేశమైతే, సగంలో డబ్బులిచ్చి తెచ్చిన మనుషులు జొరబడి మేమూ సభ్యులమే అని చేతులెత్తారు. ఎలాగో ఆపారు. ఆనాటి నుంచి ఫరోల్‌లో ఒక ఆచారం. చెప్పిన వేళకి తలుపు గడియ పెడతారు. ఓటింగ్ అయ్యేదాకా తీయరు. బయటున్నది అధ్యక్షుడైనా అంతే. సైన్యం పాలించిన రోజుల్లో నలుగురు గుమిగూడితే నేరం. అప్పుడూ ఆ గడియ వెనకే సమావేశమయ్యేవాళ్లు. ఆ రోజుల్లోనే అంకుల్ దేశం వదిలి సిడ్నీ వచ్చాడు. వలసవాళ్ల హాస్టల్లో తనలాంటివాళ్లు దొరికారు. ఆ పేరే పెట్టుకుంటామని కబురు చేస్తే, మాంటెవిడియో నుంచి ఓడ మీద చొక్కాలు పంపించారు. అలా ఇక్కడ ఇంకో ఫరోల్ పుట్టింది. ఆచారమూ వచ్చింది. ఇక్కడ గోలీ అంకులే కాబట్టి తలుపు కూడా ఆయనకే అప్పగించారు.

ఒక ఏడు ఆయన భార్య గ్రాసియేలా, సమావేశానికని మాంసం కజ్జికాయలు పళ్లేల నిండా చేసుకొచ్చిందిట. కజ్జికాయలు అన్న మాట నాది, చూడటానికి అచ్చం అలాగే ఉంటాయి. ఆవిడ వచ్చేసరికి గడియ పడింది. ఈయన తీయలేదు. ఆవిడ మెట్ల మీద కూర్చుని, అన్నీ చల్లారిపోయాక లోపలికొచ్చి, వారం రోజులు మాట్లాడలేదు. కట్టుకున్న పెళ్లానికి కూడా తీయలేదా అన్నాను. కట్టుకున్నదానికి తీస్తే ఇంకొకడికి ఏం చెప్పను అన్నాడు.

మాంటెవిడియోలో అసలు ఫరోల్ ఇప్పుడు లేదు. అప్పుల్లో మునిగి మూతపడింది. మైదానంలో అపార్టుమెంట్లు లేచాయి. సిడ్నీలో కూడా తీసేస్తే ఆ పేరుతో ప్రపంచంలో ఇంకేమీ మిగలదు. ఇది చెప్పినప్పుడు ఆయన నావైపు చూడలేదు, నదిలో బాతుల్ని చూస్తున్నాడు.

హారిసన్, రాధిక వంట

ఇక్కడ పేర్లు మార్చాను. రాధిక పేరు రాధిక కాదు, పేట కూడా హారిసన్ కాకపోవచ్చు. కారణం చదివితే తెలుస్తుంది.

సాయంత్రానికి కాన్‌బెర్రా చేరాం. పేటంతా ఒక్కలాంటి ఇళ్లు, ప్రతి రెండో గుమ్మానికీ తోరణం. శీను భార్య రాధిక ఎదురొచ్చి, రండి వదినా, రండి అంకుల్ అంటూ లోపలికి తీసుకెళ్లింది. పిల్లలిద్దరూ పేటలో ఫుట్‌బాల్ ఆడతారు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తారు. అంకుల్ చీకటి పడేదాకా వాళ్లని పెరట్లో నిలబెట్టి, బంతి కోసం పక్కకి దూకి దెబ్బ తగలకుండా ఎలా పడాలో నేర్పించాడు. మోకాలు నొప్పి పుడుతున్నా తనే రెండుసార్లు పడి చూపించాడు. శీనుకి మాతే ఇస్తే వాడు మారుమాట లేకుండా పీల్చి, థాంక్యూ అనకుండా వెనక్కిచ్చాడు. నేను ముందే చెప్పి ఉంచాను మరి.

ఆదివారం పదింటికల్లా బయలుదేరాలన్నది నా లెక్క. పెసరట్టు ఉప్మా అయ్యాక నేను చెప్పులు వేసుకోబోతుంటే వంటింట్లోంచి గోంగూర వాసన వచ్చింది. అంకుల్ మాంసం ఇష్టంగా తింటాడని విని, రాధిక టిఫిన్ కాగానే గోంగూర మాంసం పొయ్యి మీద పెట్టింది. “మొదటిసారి మన ఇంటికొచ్చిన పెద్దాయన్ని టిఫిన్‌తో పంపిస్తామా వదినా? జస్ట్ హాఫెనవర్, అన్నం పడేస్తే అయిపోతుంది” అంది. డబ్బాలో పెట్టివ్వమ్మా అన్నాను. ఆవిడ మొహం చిన్నబోయింది. మొహమాటానికి పోతే ఏమవుతుందో మనవాళ్లు చెప్పే సామెత అచ్చులో రాయలేను. కూర్చున్నాను.

హాఫెనవర్ అన్నది ఎంతసేపైందో వంట చేసే వాళ్లందరికీ తెలుసు. మాంసం మెత్తబడలేదు. మెత్తబడ్డాక వేడి వేడి అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఆ గోంగూర మాంసం. అంకుల్ ఒకసారి గోడ గడియారం వైపు చూడటం నేను చూశాను. ఒక్కసారే. తర్వాత కళ్లు విస్తరి మీంచి ఎత్తలేదు. ఇంటావిడ వడ్డిస్తుంటే గడియారం చూడటం వాళ్ల దేశంలోనూ తప్పేట. పులుపుకి కళ్లు చెమ్మగిల్లినా మారు వడ్డించుకున్నాడు.

లేచాం కదా అంటే, పెద్దాయనకి కొత్తబట్టలు పెట్టకుండా ఎలా పంపడం? రాధిక దాచిన కొత్త చొక్కా గరాజులో ఏ పెట్టెలో ఉందో శీనుకి గుర్తు రాలేదు. ఆ పెట్టెలన్నీ దించారు. చొక్కా దొరికింది. నాకు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇచ్చింది. పిల్లలిద్దరి చేతా ఆయన కాళ్లకి దండం పెట్టించింది. ఆయనకి అక్షింతలు ఎలా వెయ్యాలో తెలియక పిల్లల చేతుల్లో పోశాడు. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఆలస్యం అమృతం విషం అని రోజుకి పదిసార్లు పిల్లలకి చెప్పే మనిషిని, ఆ గుమ్మంలో నిలబడి ఫోటోలు కూడా దిగాను.

హైవే

గౌల్బర్న్ దాటాక లారీ ఒకటి అడ్డం తిరిగి పడింది. కార్లన్నీ ఆగిపోయాయి. ముందే బయలుదేరి ఉంటే ఆ లారీ కంటే ముందు దాటిపోయేవాళ్లం. క్లబ్బువాళ్లకి ఫోన్ చేయమన్నాను. ఫోన్ చేసి నాకోసం తలుపు తెరిచి ఉంచమని చెప్పాలా అని అడిగాడు. చెప్పండి, తప్పేముంది అన్నాను. ఆయన ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు. నాకు అంతకు ముందెప్పుడూ ఎవరి మీదా అంత కోపమూ అంత జాలీ ఒకేసారి రాలేదు.

గుమ్మం

సిడ్నీ పడమటి పేట. ఒకవైపు వియత్నాం వాళ్ల రొట్టెల కొట్టు, ఇంకోవైపు ఇరాకీ వాళ్ల స్వీట్ల దుకాణం, వాటి వెనక పచ్చని మైదానం, దాని పక్కన రేకుల కప్పు హాలు. కారు సరిగ్గా ఆపకుండానే దిగాం. మూడు మెట్లు, తలుపు, తలుపుకి పైసగం అద్దం. లోపల కుర్చీలు, తెల్లజుట్లు, నల్లజుట్లు, అందరి వీపులూ మా వైపే. గడియ పడి ఉంది.

నేను మెట్లు ఎక్కేశాను. మా వైపు తెరుచుకోని తలుపు లేదు. బ్యాంకు షట్టరు సగం దించాక కూడా ఒక్క నిమిషం బాబూ అంటే లోపలికి వదులుతారు. దేవుడి గుడి మూసేస్తుంటే కూడా పూజారిగారూ అంటే ఆగుతాడు. తట్టడానికి చెయ్యెత్తాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. ముసలి చెయ్యే గానీ గోలీ చెయ్యి.

“అంకుల్, వాళ్లకి మీరెవరో తెలుసు. తీస్తారు.”

“తీస్తారు మణీ. అందుకే తట్టొద్దంటున్నాను.”

మీ ఓటే కదా, మీ పేరే కదా అని గొడవపడ్డాను. గొంతు తగ్గించమన్నట్టు వేలు చూపించాడు. గ్రాసియేలా కూర్చున్నది ఇదే మెట్టు అంటూ మెల్లగా కూర్చున్నాడు. నేను కూర్చోలేకపోయాను. అద్దంలోంచి చూస్తున్నాను. ఎవరో నిలబడి ఏదో అడిగారు. కొన్ని చేతులు లేచాయి. దిగాయి. మళ్లీ ఏదో అడిగారు. కొన్ని చేతులు లేచాయి. ఏవి పేరు ఉంచమన్న చేతులో, ఏవి తీసేయమన్నవో బయటినుంచి నాకు తెలియలేదు. కాసిని చప్పట్లు వినబడ్డాయి. అవి గోలు పడితే కొట్టే చప్పట్లలా లేవు. ఆయన తల తిప్పి చూడలేదు, ఆ శబ్దంతోనే ఆయనకి తెలిసిపోయింది.

తలుపు తీసింది అధ్యక్షురాలు కమీలా. ముప్ఫై ఏళ్లుంటాయి. అంకుల్‌తో కలిసి ఆడిన ఒకాయన కూతురు. మెట్ల మీద ఆయన్ని చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల చెడ్డదేమీ కాదు. ముసలివాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు, మైదానం అద్దె కట్టలేకపోతున్నాం, ఆడే పిల్లలు అన్ని దేశాలవాళ్లూ, వాళ్లలో చాలామందికి ఆ పేరుకి అర్థమే తెలియదు అని తర్వాత నాకు చెప్పింది. న్యాయంగానే ఉంది. కానీ అప్పుడు మాత్రం ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏడ్చేసింది.

“మీకోసం ఆగాం అంకుల్. చాలాసేపు తలుపు తెరిచే ఉంచాం. చివరికి మా నాన్నే మూసెయ్యమన్నాడు. రూబెనే ఇక్కడుంటే ఎప్పుడో మూసేవాడు అన్నాడు.”

“సరిగ్గా చెప్పాడు” అన్నాడు ఆయన.

ఎంత తేడాతో పోయింది అని నేను కమీలాని అడగబోయాను. ఒక్కటా, పదా? నాకు అది తెలియాలి. ఆయన నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. ఎందుకు ఆపాడో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు, తెలిసినందుకు ఇంకా కష్టంగా ఉంది. ఈ రోజుదాకా నేను ఆ లెక్క ఎవరినీ అడగలేదు.

హాలు వెనక నిప్పుల మీద మాంసం కాలుతోంది. రొట్టెలో సాసేజి పెట్టి, ఏదో పచ్చటి ఆకు పచ్చడి వేసి ఐదు డాలర్లకి ఇస్తున్నారు. పచ్చడి మన కొత్తిమీర పచ్చడికి దగ్గర చుట్టం. కడుపునిండా గోంగూర మాంసం. నాకు దిగలేదు. అంకుల్ మాత్రం అందరితో చేతులు కలిపి, అందరి పక్కనా నిలబడి, రొట్టె సగం తిన్నాడు. నాలుగు మాటలు మాట్లాడమన్నారు. పిల్లల్ని బాగా చూసుకోండి అని ఒక్క మాట అని కూర్చున్నాడు. ముసలివాళ్లు చిలకల పాట అందుకున్నారు. ఆయన గొంతు కలిపాడు గానీ చివరి చరణం దగ్గర ఆగిపోయాడు.

తిరుగుదారి

ఆ రాత్రి మోటెల్లో పడుకుని, సోమవారం హైవే మీదే నేరుగా వచ్చేశాం. కాన్‌బెర్రా వైపు మలుపు దాటాం. కాస్త దూరం పోయాక పొలాల మధ్యలో నేను కారు పక్కకి ఆపేశాను. నావల్లే అంకుల్ అన్నాను. నాకు లేవడం రాలేదు, వద్దు అనడం రాలేదు అన్నాను. ఏడ్చాను కూడా, ఎందుకు దాచడం. ఆయన ఫ్లాస్కు తీసి, మాతే పోసి నాకు ఇచ్చాడు. తాగాను. చేదుగానే ఉంది.

మళ్లీ బయలుదేరాక రాధిక ఫోన్. కారు స్పీకర్లో గొంతు వినబడింది.

“వదినా, నిన్న ఫోన్ చెయ్యలేదేం? అంకుల్ మీటింగ్‌కి టైమ్‌కి అందారా? నా వల్ల లేట్ అయిందేమోనని నైటంతా మనసు పీకుతూనే ఉంది.”

నేను నోరు తెరిచాను. ఆయన ముందుకి వంగాడు.

“అందామమ్మా. ఓటేశాను. పేరు ఉంటుంది.”

అటువైపు రాధిక సంతోషం అంతా ఇంతా కాదు. అన్నం తిని వెళ్తే అంతా శుభమే అన్నాను కదా వదినా, మీరే కంగారుపడ్డారు అంది. శీనుని పిలిచి చెప్పింది. వెనకాల పిల్లలు గంతులేస్తున్న చప్పుడు. వాళ్లకి ఆ క్లబ్బు చొక్కాలు కావాలిట, ఆకుపచ్చవి, వీపు మీద ఫరోల్ అని రాసి ఉన్నవి. మీరే పంపించాలి అంకుల్, నేను డబ్బులు పంపిస్తాను అంది.

రోడ్డు మీంచి కళ్లు తిప్పడానికి నాకు ధైర్యం లేకపోయింది.

“డబ్బులొద్దమ్మా” అన్నాడాయన. “సైజులు చెప్పు.”